ఎర్ర లైటు చెప్పిన నీతులు

నేను ఒక మైకును. నోరున్న వాళ్ళందరూ నా ముందుకొచ్చి మాట్లాడిన వాళ్ళే గాని, నీ మాటేమిటని అడిగిన వాళ్ళు లేరు. అందుకే అడక్కుండానే చెబుతున్నాను.

ఏదో ఫ్యాక్టరీలో ఇనప జాలీ ముఖంతో పుట్టి, మొదట తెనాలిలో ఒక కల్యాణమండపానికి చేరాను. ఆరేళ్ళపాటు నా పనల్లా మారిపోయిన చెప్పుల గురించీ, జాడలేని ఫొటోగ్రాఫర్ గురించీ లోకానికి తెలియజెయ్యడం. వధూవరులకు రెండు ముక్కలు చెబుతామని నన్నందుకున్న పెద్దలు అరగంటకు గాని వదిలేవారు కాదు. ఉపదేశం చెయ్యడంలో మనుషులకున్న ఓపిక వినడంలో ఉండదని నాకు అక్కడే తెలిసింది.

మండపం మూతపడ్డాక హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోకు వచ్చాను. స్టూడియో అంటే అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఒక గది. ధ్వని గింగురుమనకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. అసలు మైకు రిపేరుకు వెళ్ళింది, వచ్చేదాకా ఇది చాల్లే అంటూ సౌండు ఇంజనీరు జబ్బార్ నన్ను స్టాండుకు బిగించాడు. అది తిరిగి రాలేదు.

అక్కడ ఒక విదేశీ సీరియల్‌ను తెలుగు చేసేవారు. అంతరిక్షంలో ఒక ఓడ, అందులో ఏడుగురు మనుషులు, వారానికో కొత్త గ్రహం. ఆదివారం ఉదయం పిల్లల కోసం వేసేవారు. ఛానెల్ వాళ్ళు ఒక షరతు పెట్టారు: ప్రతి ఎపిసోడు చివరా ఒక నీతి ఉండాలి. లేకపోతే తల్లిదండ్రులు టీవీ కట్టేస్తారట.

చిక్కల్లా పెదవులతో వచ్చింది. తెరమీద పెదవులు కదిలినంతసేపే మాట ఉండాలి. మూసిన నోట్లోంచి నీతి వస్తే అది దయ్యాల సీరియల్ అయిపోతుంది. ఓడ మొత్తంలో పెదవుల్లేని పాత్ర ఒక్కటే, ఓడను నడిపే కంప్యూటరు. అదొక ఎర్ర లైటు. వెలిగినంతసేపూ ఏమైనా అనొచ్చు. కాబట్టి ధర్మమంతా దాని నెత్తిన పడింది.

మాటలు రాసేది సోమయాజులు మాస్టారు, రిటైరైన తెలుగు పండితుడు. బడి గోడల మీద రాయించే సూక్తుల పుస్తకం ఒకటి ఆయన దగ్గరుంది. కథతో నిమిత్తం లేకుండా వారానికొకటి వరసగా దించేవారు. కెప్టెను పై అధికారులను ధిక్కరించి ఒక గ్రహాన్ని కాపాడిన వారం, పెద్దల మాట జవదాటరాదని ఎర్ర లైటు హితవు చెప్పింది. ఏడుగురూ కలిసి శత్రువులకు అబద్ధం చెప్పి బతికి బయటపడిన వారం సత్యం గొప్పతనం గురించి మాట్లాడింది.

ఆ లైటుకు గొంతు సుభాషిణిది. రెండు వీధుల అవతల ఉండేది. మధ్యాహ్నం అంట్లు తోమేసి వచ్చి, కూతురు బడి నుంచి రాకముందే చెప్పి వెళ్ళిపోయేది. రోజు మొత్తంలో ఆ రెండు గంటలే ఆవిడవి. ఆవిడ స్టూడియోకు వెళ్తుందని భర్తకు తెలుసు. అక్కడేం మాట్లాడుతుందో ఆయన అడగలేదు. జబ్బార్ ఆవిడ గొంతును నూతిలోంచి వచ్చినట్టుగా మార్చేవాడు. అందువల్ల టీవీలో విన్నా ఇంట్లో ఎవరూ పోల్చుకోలేదు.

ఒక మంగళవారం మాస్టారికి జ్వరం. మిగతా మాటలన్నీ పంపారు గాని నీతి కాగితం రాలేదు. నాలుగింటికల్లా టేపు ఛానెల్‌కు చేరాలి.

"ఏదో ఒకటి చెప్పేయండి మేడమ్," అన్నాడు జబ్బార్. "లైటే గదా, దానికి మూతి లేదు. ఆరు సెకన్లుంది."

సుభాషిణి నా దగ్గరికి జరిగింది. చేతులకు ఇంకా అంట్ల సబ్బు వాసన పోలేదు. ఊపిరి పీల్చుకుని, మహా గంభీరంగా అంది:

"తిన్న కంచం తిన్నవాళ్ళే కడుక్కోవాలి. అంతరిక్షంలోనైనా అంతే."

ఆదివారం అది ప్రసారమైంది. మర్నాడు ఆవిడే వచ్చి జబ్బార్‌కు చెప్పింది. కూతురు లేచి తన ప్లేటు కడిగిందట, దాని వెనకాలే వాళ్ళ నాన్నా లేచాడట. ఆ లైటుకు ఎంత ఇంగితమో అని అత్తగారు మెచ్చుకుందట. పదకొండేళ్ళుగా అదే మాట సుభాషిణి వంటింట్లోంచి చెబుతూనే ఉంది. లైటు వెలగలేదు గనక ఎవరికీ వినబడలేదు.

మాస్టారు కోలుకుని వచ్చి సూక్తుల పుస్తకం తెరవబోయారు. మళ్ళీ మూసేసి, నీ దగ్గరింకేమైనా ఉంటే చెప్పమ్మా, నాకూ కొంచెం విశ్రాంతి అన్నారు. ఆ తరవాత తడి తువ్వాలు మంచం మీద పడెయ్యరాదనీ, మంచినీళ్ళ సీసా ఖాళీ చేసినవాళ్ళే నింపాలనీ, కూరకు వంకపెట్టేవాళ్ళు ముందు కూర తరగడం నేర్చుకోవాలనీ వారం వారం అంతరిక్షం నుంచి ఆదేశాలు వెలువడ్డాయి.

అప్పుడు దిగాడు చలపతి, ఛానెల్లో కార్యక్రమాలు చూసే అధికారి. ఉత్తరాలొస్తున్నాయట. ఎవరో పెద్దమనిషిని కంచం దగ్గర మనవరాలు నిలదీసిందట. ఇక మిగిలింది ఆఖరి ఎపిసోడు. అందులో కంప్యూటరు తన మాటలు వెనక్కి తీసుకుని, ఇంటిపని ఇల్లాలిదేనని చెప్పాలి. కాదంటే వేరే గొంతు చూసుకుంటాం, రాబోయే సీరియల్‌కూ ఈవిడ వద్దు అన్నాడు. మాస్టారు ఆయన్ను సీరియల్ ఎప్పుడైనా చూశారా అని అడిగారు. తనకంత తీరిక లేదన్నాడు.

సుభాషిణి మనసులో లెక్క వేసుకుంది. చెబితే ఇంట్లో కంచాలన్నీ మళ్ళీ ఆవిడ దగ్గరికే చేరతాయి. చెప్పకపోతే ఆ రెండు గంటలూ పోతాయి.

ఆఖరి ఎపిసోడు తెరమీద నడుస్తోంది. మధ్యలో శత్రువులు చొరబడి కంప్యూటరును వశం చేసుకుంటారు. అప్పుడు ఎర్ర లైటు పచ్చగా మారుతుంది. పచ్చగా ఉన్నంతసేపూ అది చెప్పేదంతా అబద్ధం. అంతకుముందూ రెండుసార్లు అలా జరిగింది గనక చూసే పిల్లలందరికీ అది తెలిసిన సంగతే.

సుభాషిణి ఆ పచ్చ లైటు వంక చూసింది. చూసి, చాలా వినయంగా అంది:

"చివర్లో ఆరు సెకన్లే సార్, మీరు చెప్పమన్నదంతా పట్టదు. ఇక్కడైతే ఇరవై సెకన్ల జాగా ఉంది."

చలపతి మాస్టారి వంక చూశాడు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "భావం పూర్తిగా వస్తుంది," అన్నారు.

"అయితే అక్కడే కానివ్వండి. మాట స్పష్టంగా ఉండాలి."

స్పష్టంగానే చెప్పింది. తన పాత మాటలన్నీ పొరపాటనీ, ఇంటిపని ఇల్లాలిదేననీ, మగవారు ఎంగిలి కంచం ముట్టరాదనీ, ఒక్క అక్షరం మింగకుండా భక్తిగా చెప్పింది. జబ్బార్ ఏదో వెతుకుతున్నట్టు బల్ల కిందికి దూరాడు. చలపతి టీ తాగి, రాబోయే సీరియల్‌కూ ఈవిడే ఉండనివ్వండని చెప్పి వెళ్ళాడు. ఎపిసోడు చివర మళ్ళీ ఎర్రబడ్డ లైటు మాత్రం ఏమీ అనలేదు. ఊరికే ఆరు సెకన్లు వెలిగింది.

అది ప్రసారమైన మర్నాడు, సోమవారం, సుభాషిణి వచ్చేసరికి జబ్బార్ నా తీగ ఊడదీసి చుడుతున్నాడు. ఇంట్లో ఏమైందని అడిగాడు. పచ్చ లైటు మాట్లాడడం ముగించగానే వాళ్ళాయన కంచం అక్కడే వదిలేసి హాయిగా లేచాడట. అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే అందిట:

"ఒరేయ్, లైటు రంగు చూసుకుని లేవరా."

ఆయన వెనక్కి వచ్చి కంచం తీసుకున్నాడట. అది చెప్పి సుభాషిణి నవ్వింది.

ఇప్పుడు నేను జబ్బార్ ఇంటి అటక మీద ఉన్నాను. తీరిక ఎక్కువ, విన్నవన్నీ నెమరేసుకుంటుంటాను. మళ్ళీ ఒక్కసారి వినాలనిపించేది ఆ నవ్వే. తీగ ఊడదీసి ఉంది గనక అది రికార్డు కాలేదు. మంచిదే అయింది. అయివుంటే ఎవరో ఒకరు దాని చివర ఒక నీతి తగిలించేవారు.