ఏసీకి హారతి

ఏళ్ల తరబడి చెప్పులరిగేలా తిరిగి కెమిస్ట్రీ లెక్చరరు పురుషోత్తం హోసూరు కాలేజీకి తెప్పించిన ఐఆర్ స్పెక్ట్రోమీటరు, పెట్టె కూడా విప్పుకోకుండా కెమిస్ట్రీ ల్యాబులో కూర్చుంది. ఏ పదార్థంలో ఏ బంధాలున్నాయో గీత గీసి చూపించే మిషను అది. ఇన్నాళ్లూ ఎమ్మెస్సీ పిల్లలు శాంపిళ్లు పట్టుకుని బెంగుళూరు బస్సెక్కేవాళ్లు. దాని లోపలి అద్దాలు ఉప్పుతో చేసినవి. గాలిలో తేమ తగిలినా మసకబారతాయి. ఏసీ గది లేకుంటే బిగించేది లేదు, వాపసు తీసుకుపోతామని కంపెనీవాళ్లు తెగేసి చెప్పారు. ఏసీ అయితే వచ్చింది. వచ్చి ప్రిన్సిపాలు రామచంద్రప్ప గది కిటికీలో స్థిరపడింది.

"అడగొచ్చు కదా," అంది భార్య భూమిక, మత్తిగిరి ఇంట్లో బీన్స్ తుంచుతూ.

"అడిగినాను. ఎండలు తగ్గనీప్పా అన్నాడు. ఎండలూ పోయినాయి, వానలూ పోయినాయి. పండగ దాటిన సోమవారం ఇంజనీరు వస్తాడు. ఈలోపు ఆయుధపూజకి మిషను మీద పసుపునీళ్లు చల్లాలని అటెండరు తిమ్మరాజు చెంబు తోమి పెట్టినాడు."

భూమికదీ కెమిస్ట్రీయే, బీఎస్సీ దాకా. అయితే మొగుడు ఉప్పును చదివాడు, తను మనుషుల్ని చదివింది.

మర్నాడు గుగ్గిళ్ల డబ్బాతో ప్రిన్సిపాలు గదికి వెళ్లింది. "కొత్త మిషను పూజకు కృష్ణగిరి నించి కరస్పాండెంటు గారు వస్తారంట సార్. కాలేజీ యజమాని, ఆ ల్యాబులో చెమటలు కక్కుకుంటే మీకే మాటొస్తుంది. ఏసీని ఆడికి మార్పిస్తే..."

"ఆ ఒక్క పూటకే కదమ్మా?"

"పూజ అయ్యేదాకా సార్."

పూజనాడు తిమ్మరాజు చెంబుతో మిషను వైపు కదిలాడు. భూమిక అడ్డం వచ్చింది. "ఆయమ్మకి నీళ్లు పడవప్పా. పూజ ఈయప్పకి," అని ఏసీని చూపించింది. తనే దానికి విభూతి పట్టీలు తీర్చి, కుంకుమ పెట్టి, చామంతి దండ వేసి, కరస్పాండెంటు చేతే హారతి ఇప్పించింది.

పండగ దాటాక రామచంద్రప్ప ఏసీని పీకమన్నాడు.

తిమ్మరాజు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "హారతిచ్చి నిలబెట్టినదాన్ని పెరికితే మంచిది కాదు సార్. నేను చెయ్యి పెట్టను."

ప్రిన్సిపాలు ఆ విభూతి పట్టీల వైపు కాసేపు చూశాడు. తానూ చెయ్యి పెట్టలేదు.

సోమవారం ఇంజనీరు వచ్చి మిషను బిగించాడు. తొలి గీత పడ్డ కాగితాన్ని పురుషోత్తం ఇంటికి తెచ్చి, అన్నం చల్లారిపోతున్నా, ఒక్కొక్క మెట్టనూ పల్లాన్నీ భార్యకు చూపించాడు. ఆమె కూడా మొదటిసారి వింటున్నట్టే విన్నది.

వారం తిరక్కుండా మళ్లీ గొణుగుడు మొదలైంది. "ప్రిన్సిపాలు కుర్చీ ఏసుకుని ల్యాబులోనే కూర్చుంటా ఉండాడు భూమీ. ఫైళ్లన్నీ ఆడే."

"తలుపు మూసుకునేనా?"

"ఎవరన్నా తెరిచిపెడితే అరుస్తాడు, సల్లదనం పోతాదని."

"ఇంకేం, మీ మిషనుకి మంచి కాపలా దొరికినాడు. మధ్యాహ్నం ఆయనకు కాఫీ తెప్పించండి."