గడప మీద కూర్చున్న మాట

ఆగస్టు పన్నెండు. బీరకాయ పచ్చడి, ముద్దపప్పు తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, పోర్టెంటస్ అనే ఇంగ్లీషు మాట మా వీధి గడప మీద కూర్చుని ఉంది. భుజాల మీద జరీ శాలువా, ఒళ్లో చేతికర్ర. కాలేజీలో ఏటా పిల్లలకు దీని అర్థం చెప్పినవాణ్ణే: రాబోయే కీడును సూచించేది, లేదా ఏమీ లేకుండానే మహా గంభీరంగా బిగుసుకుపోయేది. ఇవాళ ఏ పని మీద వచ్చిందో ముఖం చూస్తే తెలియడం లేదు.

నా కూతురు హైమకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. బయట ఆటో ఆగి ఉంది. హైమ గడప దాటబోతుంది. మాట తుమ్ముతుంది. ఒక్క తుమ్ము.

"ఆగమ్మా," అంటాను. వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరాలి. మా ఇంట్లో ఎప్పుడూ అంతే.

తాగి లేచేలోగా హాలు పొడుగవుతుంది. హైమ మళ్లీ గడప దాకా నడుస్తుంది. మళ్లీ ఒక్క తుమ్ము. మళ్లీ నీళ్లు. హాలు ఇంకా సాగుతుంది. సాగినచోటల్లా గోడకు ఒక కిటికీ మొలుస్తోంది. పిల్లకు కాస్త గాలి తగులుతోంది, అదే పదివేలు.

"ఏం జరగబోతోంది?" అని మాటను అడుగుతాను.

"మహత్తరమైనది."

"మంచా, చెడా?"

"ఆ విభాగం నాది కాదు."

హైమ గోడ పట్టుకుని నిలబడుతుంది. "నాన్నా, అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు ఎవరు తుమ్మారు?"

"ఎవరూ తుమ్మలేదమ్మా."

"మరి అమ్మ తిరిగి ఇంటికి రాలేదేం?"

అయినా నా చెయ్యి మంచినీళ్ల గ్లాసును వదలదు.

పక్కవాటాలో ఖతీజమ్మ తాలింపులో ఎండుమిరపకాయలు వేస్తుంది. ఘాటు హాలు పొడవునా నడిచి గడప చేరుతుంది. మాట ఒకటి తుమ్ముతుంది. శాలువాతో ముక్కు నొక్కుకుంటుంది. ఆగదు. రెండోది కూడా తుమ్ముతుంది.

"జంటగా తుమ్మింది కదా మాస్టారూ, ఇంకా నిలబెట్టారేంటి పిల్లని?" గోడ అవతలి నుంచి ఖతీజమ్మ కేకేస్తుంది. "చాలదంటే చెప్పండి, ఇంకో రెండు మిరపకాయలు వేస్తా!"

గ్లాసు కింద పెట్టేస్తాను. హైమ గడప దాటుతుంది. ఖతీజమ్మ పొయ్యి ఆపి ఆటో ఎక్కుతుంది. నేనూ వెనకే బయల్దేరతాను గానీ, ఇంత హాలు నడిచి గడప చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది.

గాలి తీసేసినట్టు మాట నా మోకాలెత్తుకు కుంచించుకుపోయింది. మెట్ల మీద, బిడ్డ కంటే ముందుగా, బిడ్డ ఏడుపు వచ్చి నిలబడి ఉంది. తడిగా, ఎర్రగా ఉంది. ఒంటికి హైమ చీరకొంగు పొందిగ్గా చుట్టి ఉంది. హైమ వేసే ముడే అది, అంటే తల్లి బాగానే ఉంది.

ఏడుపును లోపలికి ఎత్తుకొచ్చి, చేటలో మెత్తటి పాతచీర పరిచి పడుకోబెడతాను. అది నా వేలు పట్టుకుని నిద్రపోతుంది. దానికి చలిగాలి తగలకుండా, మాట మునివేళ్ల మీద లేచి కింది గడియ అందుకుని, చప్పుడు కాకుండా తలుపు వేస్తుంది.