ముప్పై రెండు లైట్ల ఇల్లు

కెనడాలోని ఎడ్మంటన్‌లో రామ్మోహన్ కొన్న ఇల్లు అతనికంటే పెద్దది వయసులో. పందొమ్మిది వందల యాభై నాలుగులో కట్టారు. కిటికీ సందుల్లోంచి గాలి ఈల వేసినా, "పాత ఇళ్ళ అందమే వేరండీ" అని వచ్చినవాళ్ళకి చెప్పేవాడు. పైగా ఒక ఎనర్జీ కంపెనీలో అతని ఉద్యోగమే, జనం ఇళ్ళల్లో గ్యాస్ ఎలా ఆదా చెయ్యాలో గ్రాఫులు గీసి చెప్పడం. అందుకని జనవరిలో ఎప్పుడూ లేనంత పెరిగిన తన ఇంటి హీటింగ్ బిల్లు చూసినప్పుడు అతనికి డబ్బు బాధకంటే పరువు బాధ ఎక్కువైంది.

"మనం మారలేదు, ఇల్లు మారలేదు. మరి మారిందేమిటి?" అని భార్యని అడిగాడు.

మీనాక్షి ఊలు టోపీ చెవుల మీదకి లాక్కుంటూ, "చలి పెరిగింది" అంది.

"కాదు. బేస్‌మెంట్‌లోకి ఆ అమ్మాయి వచ్చింది."

ఆ అమ్మాయి పేరు చాందిని. కరీంనగర్ పిల్ల. కాలేజీలో ఇళ్ళ నిర్మాణం కోర్సు రెండో ఏడాది చదువుతోంది. సెప్టెంబర్‌లో కింద అద్దెకి దిగింది.

మర్నాడే రామ్మోహన్ ఇంటి వేడిని నియంత్రించే థర్మోస్టాట్‌ని పదిహేడు డిగ్రీల మీద పెట్టి, దానిచుట్టూ ప్లాస్టిక్ పెట్టె బిగించి తాళం వేశాడు. వాట్సాప్‌లో "గృహ ఇంధన కమిటీ" అని గ్రూపు పెట్టాడు. సభ్యులు ముగ్గురు, అడ్మిన్ ఒకడే. స్నానం ఆరు నిమిషాలు దాటకూడదన్నది మొదటి నిబంధన. పడకగది కిటికీలకీ వంటింటి కిటికీకీ గాలి రాకుండా ప్లాస్టిక్ షీటు అంటించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి బిగుతుగా లాగాడు. హాల్లో ఉన్న పెద్ద కిటికీని మాత్రం వదిలేశాడు. అది వచ్చినవాళ్ళకి కనబడుతుంది మరి.

ఇంత చేసినా, బేస్‌మెంట్‌లో ఉండి ఇల్లంతటికీ వేడి గాలి పంపే ఫర్నేస్ ఆగలేదు. దాని మోత గోడకవతల పడుకునే చాందినికే బాగా తెలుసు. ఒక శనివారం పొద్దున కోటు వేసుకునే పైకొచ్చింది.

"అంకుల్, నేను హీటర్ ఏం పెడ్తలేను. నా రూంలో మాట్లాడితే నోట్లోంచి పొగలొస్తున్నయ్. మీరు సరేనంటే ఇల్లంతా ఒకసారి చెక్ చేస్తా. క్లాసులో నేర్పించిన్రు. అగరుబత్తి ఉంటే చాలు."

రామ్మోహన్ నవ్వాడు. "ఆఫీసులో నలభై లక్షల రీడింగులు చూస్తానమ్మా నేను. అగరుబత్తితో పని లేదు."

అప్పటికే మీనాక్షి దేవుడి గదిలోంచి అగరుబత్తుల పెట్టె తెచ్చేసింది.

కిటికీల దగ్గర పొగ కాస్త వణికి లోపలికి వంగింది. చాందిని హాల్లో కుర్చీ ఎక్కి, అగరుబత్తిని సీలింగు దగ్గరకి ఎత్తింది. పొగ తిన్నగా సాగి, లైటు చుట్టూ ఉన్న సన్నటి సందులోకి ఎవరో పీల్చినట్టు పోయింది. పక్క లైటు దగ్గరా అంతే. మూడోదాని దగ్గరా అంతే.

అవి సీలింగుకి కన్నం కోసి బిగించే గుండ్రటి లైట్లు. మొన్న దీపావళి పార్టీ కోసం వీడియోలు చూసి రామ్మోహన్ స్వయంగా పెట్టాడు. మొత్తం ముప్పై రెండు. వైర్లు లాగడానికి, ఇంటి కప్పు కింద అటకలో వేడి పోకుండా దూదిలా పరిచిన ఇన్సులేషన్‌ని పక్కకి తోసి, మళ్ళీ సర్దలేదు. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

"లైట్లు వేడినిస్తాయమ్మా, మింగవు" అన్నాడు.

"లైట్లు కాదు అంకుల్, కన్నాలు. ఇంట్లో వేడంతా వాటిల్లోంచే పైకి పోతుంది. అందులోని తడి అటకలో గడ్డకడ్తది. ఒక్కసారి ఎక్కి చూడండి."

"చలి తగ్గాక చూద్దాం" అన్నాడు రామ్మోహన్. ఆ సాయంత్రం కమిటీ గ్రూపులో కొత్త నిబంధన వచ్చింది: ఇంట్లో అగరుబత్తులు దేవుడికి మాత్రమే.

ఫిబ్రవరిలో తెలుగు సంఘంవాళ్ళు అతన్ని ఒక ప్రసంగం అడిగారు. చలికాలంలో హీటింగ్ ఖర్చు తగ్గించుకోవడం ఎలా అన్నది విషయం. మా ఇంట్లోనే పెట్టుకుందాం అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం పద్ధెనిమిది మంది వచ్చారు. పొద్దున్నే థర్మోస్టాట్ పెట్టె తాళం తీసి ఇరవై రెండుకి పెంచాడు. అవసరమే లేకపోయింది. మూడు వారాల పాటు మైనస్ ముప్పైలో ఉన్న ఊరు ఆవేళ ప్లస్ నాలుగుకి వచ్చింది.

ఏడో స్లైడు మీద "చిన్న లీకులు, పెద్ద నష్టాలు" అని ఉంది. అది చదువుతుండగా లాప్‌టాప్ మీద నీటిచుక్క పడింది. రెండోది ముందు వరసలో కూర్చున్న కోటేశ్వరరావు గారి బట్టతల మీద పడింది. ఆయన తడుముకుని పైకి చూశాడు.

"రామ్మోహన్ గారూ, పైన బాత్‌రూం ఉందా?"

"లేదండీ, పైన ఏమీ లేదు."

ఆ మాట పూర్తికాకుండానే వరసగా అన్ని లైట్ల చుట్టూ నీళ్ళు కారడం మొదలైంది. మీనాక్షి పరిగెత్తి స్విచ్‌లు ఆపింది. జనం సమోసాలు జేబు రుమాళ్ళలోకి మార్చుకుని పేపరు ప్లేట్లు నెత్తిన పెట్టుకున్నారు. వెనకనుంచి ఎవరో, "ఇది డెమోనా అండీ?" అని వినయంగా అడిగారు.

చాందిని కిందనుంచి బకెట్లు తెచ్చింది. అటకలో గడ్డకట్టిన మంచు ఎండకి కరుగుతోందని, కన్నాలు మూస్తే బిల్లూ తగ్గుతుంది, వానా ఆగుతుందని రెండు నిమిషాల్లో చెప్పింది. ఆరు స్లైడ్లలో ఎవరూ నోట్సు రాసుకోలేదు. ఇప్పుడు ముగ్గురు ఆమె నంబరు తీసుకున్నారు.

అందరూ వెళ్ళాక రామ్మోహన్ నిచ్చెన ఎక్కి అటకలోకి తల పెట్టాడు. చెక్కలన్నీ పాత ఫ్రీజర్ లోపలి గోడల్లా తెల్లగా ఉన్నాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దిగి వచ్చి ఆ పిల్లకి సారీ చెప్పాలనుకున్నాడు. నోరు తెరిస్తే మాత్రం, "నేను ముందునుంచీ అనుకుంటూనే ఉన్నాను, చెక్ చెయ్యాలని" అన్న మాట వచ్చింది.

మీనాక్షి స్క్రూడ్రైవర్ తెచ్చి థర్మోస్టాట్ మీది పెట్టె ఊడదీసింది.

రెండు శనివారాలు ఆడవాళ్ళిద్దరూ అటకెక్కి కన్నాల చుట్టూ సీల్ చేసి, ఇన్సులేషన్ మళ్ళీ పరిచారు. చాందినికి గంటకింత అని మీనాక్షే నిర్ణయించి ఇచ్చింది. రామ్మోహన్ నిచ్చెన పట్టుకుని కిందనుంచి సలహాలిచ్చాడు. ఫర్నేస్ మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టింది.

మార్చిలో, ఇళ్ళ లీకులు పరీక్షించే ఒక చిన్న కంపెనీలో సమ్మర్ జాబ్‌కి చాందిని అప్లై చేసి, రామ్మోహన్‌ని రిఫరెన్స్ లెటర్ అడిగింది. అతను సంతోషంగా రాశాడు. "నా పర్యవేక్షణలో, నా సూచనల ప్రకారం" అన్న మాటలు అందులో నాలుగుసార్లు వచ్చాయి.

చాందిని చదివి, "థాంక్స్ అంకుల్" అని మడిచి బ్యాగులో పెట్టుకుంది. అప్లికేషన్‌తో మాత్రం లెటర్ బదులు అటక ఫొటోలు పంపింది, మంచుతో ఒకటి, మంచు లేకుండా ఒకటి. వారంలో ఉద్యోగం వచ్చింది.

ఆ లెటర్ వల్లే వచ్చిందని రామ్మోహన్ ఇప్పటికీ చెబుతుంటాడు.