ఆయనకి వేడి పడదు

ఐసు ఫ్యాక్టరీలో ఆవిడ పని గంటగంటకీ ఒకటే. పెద్ద తొట్టిలోని ఉప్పునీళ్లు కొలిచి చూడడం, పలచబడితే ఇంకో బస్తా ఉప్పు వెయ్యడం. ఆ నీళ్లు అక్కడి చలికి గడ్డకట్టవు. వాటిలో దింపిన డబ్బాల్లోని మంచినీళ్లే గడ్డకడతాయి. ఇంటికెళ్తే ఇంకో తొట్టి. అందులో ఆవిడ భర్త ఉన్నాడు.

ఆరేళ్ల కిందట స్నానానికని దిగి ఉప్పులా కరిగిపోయాడు. పిలిస్తేనే పలకని మనిషి, పోయేముందు చెప్పి పోతాడా? "నీళ్లు పారబొయ్యకమ్మా, ఎంతైనా మీ ఆయన," అంది పక్కింటి పిన్ని బట్టలారేసుకుంటూ. అప్పట్నుంచీ పొద్దున్నే మూత తీసి ఆయనకి కబుర్లు చెప్పేది. తిరిగి ఒక్క 'ఊఁ' కూడా వచ్చేది కాదు. ఆరేళ్లయినా ఆ ఒంటరితనం ఆవిడకి అలవాటు కాలేదు.

ఓ ఉదయం లేచేసరికి నేలంతా తడి. తొట్టి పగిలింది. మనిషిలో కాస్త అప్పటికే తూములోకి పోయింది. ఉన్న నీళ్లన్నీ టబ్బులోకి తోడి, బండి మాట్లాడుకుని ఫ్యాక్టరీకి పట్టుకెళ్లింది.

"మీ ఆయనా?" అన్నాడు మేనేజరు. "అన్నిటికంటే చల్లటి గదిలో పెట్టుకోండి. ఎలాగూ ఇవాళ మీకు సెలవేగా."

గడ్డకట్టే నీళ్లు ఉప్పుని తమలో ఉండనివ్వవని ఆవిడకి తెలుసు. పైన కట్టిన ఐసుని పెచ్చులుగా తీసింది. నాలిక్కి రాసుకుంటే చప్పగా ఉంది. అందులో ఆయన లేడు, అవతల పారేసింది. తీసేకొద్దీ అడుగున నీళ్లు చిక్కబడ్డాయి. మధ్యాహ్నానికి ముందుగా ఒక చెవి పేరుకుంది.

"వినపడుతోందా?" అంది ఆవిడ.

టబ్బు అడుగునుంచి, "ఊఁ."

సాయంత్రానికి మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. చిటికెనవేలు లేదు. అది పొద్దున్నే తూములో పోయింది. "చలేస్తోందే. ఇంటికెళ్లి వేడిగా టీ తాగుదామా?"

తలుపు అవతల ఎండ ఇంకా మండిపోతోంది. చలికి విడివడింది వేడికి మళ్లీ కరుగుతుంది. ఆ సంగతి ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు.

"ఇల్లు సర్దలేదండీ. ఇంకాసేపు కూర్చుందాం," అంది.

మర్నాడు ఇంటి తాళంచెవి పిన్నికిమ్మని మేనేజరు చేతిలో పెట్టి, స్వెట్టరొకటి కావాలంది.

"ఒకటేనా? ఇద్దరున్నారుగా?"

"ఒకటి చాలండీ," అంది. "ఆయనకి వేడి పడదు."