చేపల బల్ల దగ్గర ఎవారిస్తో

"రేపట్నించి నేనూ బజారుకొస్తా, నీకు సాయంగా ఉంటుంది" అన్నాడు మా ఆయన ఎవారిస్తో, రేవు ఆఫీసులో రిటైరైన మర్నాడే. సాయమంటే సంచీ మొయ్యడం అనుకున్నాను. నాకు రసాయనశాస్త్రంలో పట్టా ఉన్నా కొన్ని మార్పుల్ని ముందే పసిగట్టలేం.

సముద్రం చుట్టేసిన ఈ కాదిస్ ఊళ్లో, ఈ పాత మునిసిపల్ మార్కెట్లో, పొద్దుటి గంట ఒక్కటే నాది. చేపలు కొన్నాక, రాతి స్తంభాల పక్క బడ్డీ దగ్గర నిలబడి, ఎవరికీ ఏమీ వడ్డించకుండా ఓ కాఫీ తాగేదాన్ని. మొదటి రోజే ఆయన "ఇంట్లో కాఫీ లేదా?" అన్నాడు. అంతే. ఇప్పుడు ఇంటికెళ్లి ఆయనకి కాఫీ పెడుతున్నాను.

పైగా సంచీ పట్టుకున్నందుకు బజారంతా ఆయనకి హారతులు. "అదృష్టవంతురాలివే మిలాగ్రోస్, మా ఆయనకి ఈ బజారు ఏ వీధిలో ఉందో కూడా తెలీదు" అంది ఉల్లిపాయలమ్మే రెమే. ఇన్నేళ్లూ అదే సంచీ నేను మోస్తే ఎవరికీ కనబడలేదు. నా చెయ్యి సంచీతోనే పుట్టిందనుకున్నారు కాబోలు.

ఇవాళ కుర్రో అనే చేపలాయన బల్ల దగ్గరికి వెళ్లాం. ఇక్కడ ఎవరూ వరసలో నిలబడరు. వచ్చినవాళ్లు "ఆఖరెవరు?" అని అడిగి, ఆ మనిషిని గుర్తుపెట్టుకుని, ఎక్కడో ఓచోట కబుర్లలో పడతారు. నేను అడుగుతుండగానే ఎవారిస్తో, ఎవరూ లేరనుకుని, తిన్నగా వెళ్లి బల్ల మీదికి వంగాడు.

"ఏవయ్యా, మేమంతా దిష్టిబొమ్మలమా?" అంది ఓ ముసలామె.

"ఆయన నాతోనే వచ్చాడండీ. మా వంతు మీ తర్వాతే" అన్నాను, అలవాటుగా సర్దుతూ.

ఆయన సిగ్గుపడలేదు. "చూశావా కుర్రో, పద్ధతేమిటో ముందే చెప్పాలా వద్దా? ఈవిడని నమ్ముకుంటే ఇంతే. నెత్తళ్లు గుప్పెడు చాలు. ఎంత కొనాలో ఈవిడకి ఇప్పటికీ తెలీదు."

ఆడవాళ్లు నవ్వారు. ఆయన పెళ్లైనప్పట్నించీ తిన్న ప్రతి ముద్దా నా కొలతే. ఏనాడూ తక్కువవలేదు కాబట్టి అది కొలత అని ఆయనకి తెలియలేదు.

ముందున్నవాళ్లూ, వాళ్ల తర్వాత ముసలామే కొనుక్కుని వెళ్లారు. "మిలాగ్రోస్, నీ వంతు" అన్నాడు కుర్రో.

"ఈయనకిచ్చేశాను" అన్నాను. ఇక్కడ వంతు ఇచ్చేస్తే ఇచ్చేసినట్టే.

"నువ్వెక్కడికి?" అన్నాడు ఎవారిస్తో, గతుక్కుమని.

"కాఫీకి."

"మరి ఈ చేపలు నేనేం చేసుకోను?"

"కడిగి, పిండిలో పొర్లించి వేయించు. నేను భోజనం వేళకి వస్తాను."