ముప్పయ్యో మోత

పొద్దున్నే కాఫీ తాగి, ఆరు మైక్రోఫోన్ల తీగలు సరిచూసుకోవడంతో ఆర్సేన్ పని మొదలయ్యేది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఉత్తర ఫ్రాన్సులో, కందకాలకు నాలుగు కిలోమీటర్ల వెనక, కూలిపోయిన బీరు బట్టీ నేలమాళిగే అతని ఆఫీసు. ముందు కందకంలో కూర్చున్న ఫిర్మాన్, జర్మన్ ఫిరంగి మోత వినగానే మీట నొక్కుతాడు. ఇక్కడ ఫిల్ము తిరుగుతుంది. ఒకే మోత ఆరు మైక్రోఫోన్లకూ ఆరు వేర్వేరు క్షణాల్లో చేరుతుంది. ఆ తేడాలు పట్టుకుని ఫిరంగి ఎక్కడుందో ఆర్సేన్ లెక్క కడతాడు. సెకనులో నూరోవంతు పొరబడితే చాలు, చోటు మూడున్నర మీటర్లు పక్కకు పోతుంది.

ఆ ఫిరంగుల్లో ఒకటి మాత్రం ఢామ్మనదు, ఖంగుమంటుంది. ఆర్సేన్ ఊరు వాల్‌రెన్ జర్మన్ల చేతిలో ఉండిపోయింది. అక్కడి చర్చి గంటను కరిగించి వాళ్ళు పోతపోసిన ఫిరంగి అది. వాల్‌రెన్‌లో ఎవరైనా పోతే, పోయినవాళ్ళ వయసెంతో అన్నిసార్లు గంట కొట్టడం ఆనవాయితీ. ఫిరంగి అయ్యాక కూడా గంట ఆ అలవాటు మానలేదు. ఊళ్ళో చావు లేని రోజున దాన్ని ఎంత తన్నినా పేలదనీ, మొదలెడితే లెక్క పూర్తయ్యేదాకా ఆగదనీ పట్టుబడ్డ జర్మన్ సిపాయి ఒకడు విసుక్కుంటూ చెప్పాడు.

అది మోగినప్పుడల్లా నేలమాళిగలో అందరూ టోపీలు తీసేవారు.

"ఎనభై మూడు. ఎవరు మాస్టారూ?" అనేవాడు వంటవాడు.

"రొట్టెల బట్టీవాడి తల్లి. నిండుగా బతికింది."

యుద్ధానికి ముందు ఆర్సేన్ వాల్‌రెన్‌లో బడిపంతులే కాదు, ఊరి జనన మరణాల రిజిస్టరు రాసిందీ అతనే. నాలుగు వందల పన్నెండు మంది వయసులూ నోటికి వచ్చు. మూడేళ్ళుగా అవతలి నుంచి ఉత్తరం ముక్క లేదు. భార్య ఒదీల్‌కి ఇరవై తొమ్మిది, కూతురికి ఆరు. మోత ఆ అంకెల దగ్గర ఆగనంత కాలం వాళ్ళు బతికున్నట్టే.

అందుకే ఆ ఒక్క ఫిరంగి లెక్కలో, గాలి సవరణ అని రాసి, మూడు వందల మీటర్లు కలిపేసేవాడు. ఫ్రెంచి గుళ్ళు బీట్‌రూట్ పొలంలో పడేవి.

ఆదివారం ఫిర్మాన్ సూపు తాగడానికి వచ్చాడు.

"ఏం మాస్టారూ, మీ ఊరి ముసలమ్మలకి ఇంత ఆయుష్షేంటండీ? ఒక్కొక్కరూ మా నెత్తిన ఎనభై గుళ్ళు వేసి గానీ పోరే!"

ఆర్సేన్ నవ్వలేకపోయాడు.

ఫిర్మాన్ గొంతు తగ్గించాడు. "నిజం చెప్పండి. గాలి ఆ ఒక్క ఫిరంగికేనా వీచేది?"

"ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టరా."

"పడుతూనే ఉన్నా కదండీ. ఆరో దెబ్బ దాటిందంటే నేనూ ఊపిరి పీల్చుకుంటున్నా, ఏం చేస్తాం!" అని గిన్నె వేలితో తుడిచి నాక్కుని, కందకానికి వెళ్ళిపోయాడు.

బుధవారం పదింటికి మోత మొదలైంది. ఆరు దాటింది. ఇరవై అయింది. ఇరవై ఏడు దగ్గర ఆర్సేన్ పెన్సిలు కింద పెట్టేశాడు. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది.

మోత ఆగింది. వంటవాడు టోపీ గుండెకు ఆనించుకుని నేల చూస్తున్నాడు. ఎవరూ ఆర్సేన్ వైపు చూడలేదు.

ఖంగ్.

"ముప్పై! ముప్పై రా!" ఆర్సేన్ వంటవాణ్ణి వాటేసుకున్నాడు. ముప్పై అంటే గుర్రపు జీనులు కుట్టేవాడి కోడలు, పాపం. అది తెలిసి కూడా నవ్వు ఆగలేదు.

మోత మరి రాలేదు. టోపీలు పెట్టుకుని అందరూ పనిలో పడ్డారు. ఫిల్ములు చేతికొచ్చాయి. ఇరవై తొమ్మిదే ఉన్నాయి. గుండు తన మోతకంటే ముందే కందకానికి చేరుతుంది. ముప్పయ్యో మోతకు మీట ఎవరూ నొక్కలేదు.

ఆర్సేన్ ముందు కందకానికి టెలిఫోను పిడి తిప్పాడు. మళ్ళీ మళ్ళీ తిప్పాడు. అవతల ఎవరూ ఎత్తలేదు.

అప్పుడతను కూర్చుని, ఇరవై తొమ్మిది ఫిల్ముల మీదా లెక్క కట్టాడు. ఏమీ కలపలేదు. కాగితం కెప్టెన్‌కి ఇచ్చాడు.

"పాత చోటికి మూడు వందల మీటర్లు పడమర వచ్చిందే," అన్నాడు కెప్టెన్. "గాలి మారిందా?"

"మారింది సార్."

కెప్టెన్ మెట్లెక్కి బయటికి చూశాడు. ముందు కందకం మీద పొగ నిట్టనిలువుగా నిలబడి ఉంది. ఆయన దిగివచ్చి, ఫిరంగుల దళానికి ఆ అంకెలు చదివాడు.

పదకొండింటికల్లా ఆ ఫిరంగి పని అయిపోయింది. ఆ తర్వాత వాల్‌రెన్‌లో ఎవరు పోయినా ఆర్సేన్‌కి వినబడలేదు. ఆ చలికాలం కూతురికి ఏడు నిండాలి. నిండాయో లేదో ఏ లెక్కకూ తేలలేదు.