పోయొస్తనన్న మాట

మూడో రోజూ డోజరు అక్కడికే వచ్చి ఆగిపోయింది. దాన్ని నడిపే రఘుపతి కిందికి దిగి, తలమీది హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్నది బొడ్రాయి మరి.

ఊరు కట్టేటప్పుడు నడిమధ్యన పాతే రాయి బొడ్రాయి. ఊరికి బొడ్డు అది. కమాన్‌పూర్ దిక్కున ఓపెన్‌కాస్టు బొగ్గు గని కింద పోయిన ఊళ్లలో రఘుపతి వాళ్ల పాతూరు ఒకటి. పదమూడేళ్ల కిందట జనమంతా కాలనీకి తరలిపోయి, అక్కడ కొత్త బొడ్రాయి వేసుకుని, ఆ జాగాకు కొత్తూరు అని పేరు పెట్టుకున్నారు. పాత రాయి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. చుట్టూ నేల తవ్వుకుంటూ రాగా రాగా, ఇప్పుడు అది నీళ్ల మధ్య తిప్పలా మిగిలిన కాస్త మట్టిదిబ్బ మీద, మోకాలెత్తున, ఒంటరిగా నిలబడి ఉంది.

మెకానిక్ అబ్దుల్ రజాక్ ఫిల్టరు విప్పి చూశాడు, బ్యాటరీ చూశాడు, చివరికి చేతులు తుడుచుకున్నాడు.

"అంతా బరాబర్ ఉన్నది భాయ్. ఎన్కకు తిప్పితే గుర్రం లెక్క ఉరుకుతది. రాయి దిక్కు తిప్పితేనే దానికి జరమొస్తది."

సూపర్‌వైజరుకు ఈ జ్వరాలు పట్టలేదు. "రేపు పొద్దుగాల షిఫ్టుల రాయి లేవకపోతే నీ సీట్ల ఇంకోడు కూసుంటడు" అనేసి జీపెక్కి పోయాడు.

ఆ సాయంత్రం రఘుపతి ఇంట్లో కంచం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద ఎత్తలేదు. భార్య రాజకుమారికి ఏడో నెల. ఆమె కడుపు వైపు చూస్తాడు, మళ్లీ చూపు తిప్పుకుంటాడు. చెల్లెలు సంధ్యారాణి వాకిట్లో కూర్చుని ఇదంతా గమనిస్తూనే ఉంది. కాలనీ అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దించే ఆ పిల్లకు మాటలు తక్కువ. మాట్లాడిందంటే ఏదో ఒకటి అడగడానికే.

"మనిషి దేవతను చంపుడు ఎట్లయితదే?" అన్నాడు రఘుపతి ఉన్నట్టుండి.

"చంపుడంటవేందన్నా? రాయి లేపుడు గద."

"రెండూ ఒక్కటే. ఆమె అండ్లనే ఉన్నది. లేకుంటే బండెందుకు ఆగుతది? బతికున్న తల్లిని పెకిలించి ఇంటికొస్తే, గా కడుపుల బిడ్డ..." కంచం పక్కకు జరిపాడు.

చాయ్ తాగడానికి వచ్చిన రజాక్ గొంతు సవరించుకున్నాడు. "మా పోరడు నౌమాన్‌గాడు ఫోన్ల ఆట ఆడుతడు. అండ్ల దేవుడు సుత సస్తడట. నెత్తి మీద బలం చూపే ఎర్రగీత ఉంటదట, అది తరిగి తరిగి ఇంతే మిగిలితే, కూరగాయల కత్తితోని పొడిచినా పడిపోతడట. తోబా తోబా! వినుడే పాపమని లేచొచ్చిన."

"గీత ఎట్ల తరుగుతదట కాకా?" అంది సంధ్యారాణి.

"గది అడగలే బిడ్డా. నాకేం ఎరుక, నువ్వు గింత శ్రద్ధగ అడుగుతవని?"

అందరూ నవ్వారు, రఘుపతి తప్ప. సంధ్యారాణి నవ్వుతూనే చెప్పులేసుకుంది. దేవత బలం ఎట్లా తరుగుతుందో చెప్పగల మనిషి కొత్తూరిలో ఒక్కతే ఉంది.

లస్మవ్వ పాతూరికి మంత్రసాని. కొత్తూరిలో సగం మంది బొడ్లు ఆమె కోసినవే. బొడ్రాయికి దీపం పెట్టిందీ ఆమే. చాటలో కందులు ఏరుతూ, సంధ్యారాణి చెప్పిందంతా విన్నది.

"బలమంటే ఏముంటది బిడ్డా, పిలిచే నోరే బలం. పదమూడేండ్లాయె, దీపం లేదు, బోనం లేదు. ఎండి పొట్టయ్యుంటది."

"మరి చచ్చిపోలేదేందవ్వా?"

"ఆకలికి మనుషులు సస్తరు. దేవతలు నీరసపడతరు, గంతే. వాళ్లు మాట మీద బతుకుతరు, మాటకే సస్తరు."

"ఏ మాటకు?"

"నువ్వు ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు ఏమంటవు?"

"పోయొస్త అంట."

"పోతున్న అనవు గద? అంటే మీ వదినె చీపురు తిరగేస్తది." లస్మవ్వ ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "ఊరు లేచిన దినం పెద్దలకు గదే చిక్కొచ్చింది. పోతున్నమంటే తల్లి సస్తది. పోయొస్తమంటే ఎదురు చూసుకుంట ఆడనే ఉంటది. గందుకే నోరు మూసుకొని ట్రాక్టర్లెక్కుండ్రి, ఎన్కకు మర్లి చూడొద్దని కట్టడి చేసిన్రు. ఏ మాటా లేకుంటే, తనంతట తానే లేచి మనెంబడి వస్తదని ఆశ."

"వచ్చిందా?"

"ఎట్లొస్తది? ఒక పోరి ట్రాక్టర్ మీదికెల్లి చెయ్యూపి, 'అవ్వా, పోయొస్త' అన్నది."

"ఎవరది?"

లస్మవ్వ చాట దించింది. "మీ అమ్మ నీ వీపు మీద ఒక్కటి చరిచింది. యాదికి లేదా?"

ఆ దెబ్బ సంధ్యారాణికి బాగా గుర్తుంది. తొమ్మిదేళ్ల వయసు. ట్రాక్టరు కుదుపులో, మంచంకోళ్ల మధ్య కూర్చుని, ఎందుకు కొట్టిందో తెలియక కాలనీ వచ్చేదాకా ఏడ్చింది. మాట మాత్రం గుర్తు లేదు. అమ్మ పోయింది గనుక ఇక అడగడానికీ లేదు.

"కొత్తూరికి రమ్మని పిలువొచ్చు గదవ్వా?"

"ఒక కడుపుకు రెండు బొడ్లుంటయా?"

"మరి?"

"ఇచ్చిన నోరే మాట ఎన్కకు తీసుకోవాలె. డోజరు కాదు, దాని తాతొచ్చినా గది తెంపలేదు."

"తీసుకుంటే నాకేమన్న అయితదా?"

లస్మవ్వ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "ఏమో బిడ్డా. నేను దేవతల బొడ్లు ఎన్నడు కోయలే."

పొద్దున షిఫ్టుకు అన్న బండి మీద సంధ్యారాణి కూడా వెళ్లింది. పెరుగన్నం, బెల్లం ముక్క, సీసాలో నీళ్లు పట్టుకుంది. దిబ్బ మీదికి ఒక్కతే ఎక్కింది. దూరంగా డోజరు దగ్గర రఘుపతి, రజాక్ నిలబడ్డారు.

రాయికి ఒకప్పటి పసుపు జాడలు పగుళ్లలో మాత్రం మిగిలాయి. నీళ్లు పోస్తే కిందికి జారలేదు. రాయి ఎక్కడివక్కడ పీల్చుకుంది. సంధ్యారాణి సీసా మొత్తం వంచింది. చెయ్యి ఆనించి చూసింది. ఎండలో ఉన్న రాయి వేడిగా ఉండాలి. ఇది జ్వరం తగ్గిన పిల్లల నుదురులా ఉంది. లోపల ఎవరైనా ఉన్నారా అని చెవి కూడా ఆనించాలనిపించింది గానీ, అన్న చూస్తున్నాడని ఆగింది.

అన్నం పెట్టింది. ఆకలితో ఉన్నవాళ్లకు ముందే చెడు కబురు చెప్పకూడదు. కాసేపు ఊసులు చెప్పింది. ఎవరెవరి పెళ్లిళ్లయ్యాయో, ఎవరు పోయారో, అమ్మ ఎట్లా పోయిందో, వదినెకు ఏడో నెల అనీ. చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. లేచి నిలబడి చేతులు జోడించింది.

"అవ్వా, ఇగ పోయొ..."

నాలుక కరుచుకుంది. పుట్టిన్నాటి నుంచి తిరిగిన దారినే తిరిగింది నోరు. సగం మాట విన్నదేమో, మళ్లీ పదమూడేళ్లు కూర్చుంటుందేమో! రెండు చేతులతో నోరు మూసుకుని, ఊపిరి తీసుకుని, అంగన్‌వాడీ పిల్లలు అక్షరాలు కూడబలుక్కున్నట్టు ఒక్కొక్కటే బయటికి తెచ్చింది.

"పో... తు... న్న. అప్పుడన్న మాట తప్పు. మేం రాం అవ్వా. నువ్వు ఎదురు చూడకు."

ఉరుము లేదు, గాలి లేదు. పెరుగన్నం మీదికి అప్పుడే చేరిన చీమలు తమ పని తాము చేసుకుంటున్నాయి. రాయి మీద చెయ్యి పెట్టి చూసింది. ఇప్పుడు అది ఎండకు కాలుతోంది, అన్ని రాళ్లలాగే.

దిబ్బ దిగుతూ అన్నకు చెయ్యూపింది.

డోజరు ఆగలేదు. బ్లేడు తగలగానే బొడ్రాయి పాలపన్ను ఊడినట్టు ఊడొచ్చింది. రజాక్ టోపీ సర్దుకుని, ఎవరికీ వినపడకుండా ఏదో చదువుకున్నాడు. రఘుపతి సీట్లోంచే అరిచాడు: "పోయిందానే?"

సంధ్యారాణి తలూపింది. అప్పుడొచ్చింది ఆమెకు ఏడుపు, ట్రాక్టరు మీద ఏడ్చినట్టే.

మర్నాడు అంగన్‌వాడీకి బయలుదేరి, గడప దగ్గర ఆగిపోయింది.

"ఏందే, చెప్పకుంట పోతున్నవు?" లోపలి నుంచి రాజకుమారి కసిరింది.

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. సంధ్యారాణి దాన్ని కాసేపు అక్కడే ఆపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నాలుగు గొట్టంగ ఇంట్ల ఉంట వదినె" అంది. నాలుగుకు అయిదు నిమిషాలు ఉండగానే వచ్చింది.